మాజీ సైనికుల చదువు పథకాలకు కాపలా ఎవరు?

మాజీ సైనికుల పిల్లల వృత్తివిద్యకు ఇచ్చే పీఎం స్కాలర్‌షిప్ అర్జీ వెనక్కి వస్తే దాన్ని సరిదిద్ది మళ్లీ పంపడం ఒక పని. అదే కారణంతో చుట్టుపక్కల నలుగురి అర్జీలు వెనక్కి వస్తుంటే ఆ కారణాన్నే తీసేయించడం ఇంకో పని. మొదటిది సైనిక సంక్షేమ కార్యాలయంలో తేలిపోతుంది. రెండోది అక్కడి గుమస్తా చేతిలో లేదు, ఆఫీసరు చేతిలోనూ లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మాజీ సైనికుల కుటుంబాలు మొదటి పనిలో బాగానే ఆరితేరాయి. రెండోదాని జోలికి పోయేవాళ్లు తక్కువ. ఈ పోస్టు ఎక్కువగా దాని గురించే.

అమెరికాలో ఈ రెండో పనికి చట్టంలోనే ఒక చోటు పెట్టారు, ఒక సలహా సంఘం రూపంలో. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు కింద రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడి చదువుకు ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు ప్రభుత్వమే నేరుగా కాలేజీకి కట్టేది. సుమారు 78 లక్షల మంది చదువో శిక్షణో పొందారు. డబ్బు నేరుగా సంస్థకు వెళ్తుందని తెలియగానే ఆ డబ్బు కోసమే పుట్టిన బడులు దేశమంతా లేచాయి. పాఠాలు లేని కోర్సులు, పెంచి రాసిన ఫీజులు. అక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ విచారణ జరిపింది. 1952లో కొరియా యుద్ధ సైనికులకు కొత్త చట్టం చేసేటప్పుడు రెండు మార్పులు తెచ్చింది. డబ్బు కాలేజీకి కాకుండా సైనికుడి చేతికే నెలనెలా ఇవ్వాలి. ఒక కోర్సులో 85 శాతానికి మించి విద్యార్థులు ప్రభుత్వ డబ్బుతోనే చదువుతుంటే కొత్తవాళ్లకు ఆ కోర్సు కింద సాయం ఇవ్వకూడదు. సొంత డబ్బు పెట్టి చదివేవాడు ఒక్కడూ రాని కోర్సుకు ప్రభుత్వం మాత్రం ఎందుకు కట్టాలి అన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ 85-15 లెక్క ఇప్పటికీ నడుస్తోంది.

సలహా సంఘం సంగతి అమెరికా చట్టాల 38వ భాగం, 3692వ సెక్షన్‌లో ఉంది. సంఘం పేరు వెటరన్స్ అడ్వైజరీ కమిటీ ఆన్ ఎడ్యుకేషన్. ఇందులో ఎవరుండాలో సెక్షనే చెబుతుంది: విద్య, కార్మిక, యాజమాన్య రంగాల్లో పేరున్నవాళ్లు, సైనికులకు చదువు చెప్పే సంస్థల ప్రతినిధులు, సాధ్యమైనంత వరకు వేర్వేరు యుద్ధ కాలాల్లో పనిచేసిన సైనికులు. విద్యాశాఖ, కార్మికశాఖల నుంచి ఒక్కో ఉన్నతాధికారి హోదా రీత్యా సభ్యులు. వెటరన్స్ శాఖ కార్యదర్శి ఈ పథకాల నిర్వహణ గురించి వాళ్ల సలహా అడగాలి. ఇక అసలు బలమంతా తర్వాతి వాక్యంలో ఉంది: ఈ సంఘం తన నివేదికలను, సిఫారసులను కార్యదర్శికే కాదు, నేరుగా కాంగ్రెస్‌కు కూడా పంపవచ్చు. శాఖ పట్టించుకోకపోతే శాసనసభ ముందు పెట్టే దారి ఉందన్నమాట.

ఇంకో ఏర్పాటు కూడా గమనించదగ్గది. సంఘం ఎప్పటివరకు ఉంటుందో ఆ సెక్షన్‌లోనే తేదీ రాసి ఉంటుంది. 2003 డిసెంబరు 31తో ముగియాల్సినదాన్ని చట్టసవరణతో 2009 వరకు పొడిగించారు, ఆ తర్వాతా పొడిగిస్తూ వచ్చారు. గడువు దగ్గర పడినప్పుడల్లా ఎవరో ఒక సభ్యుడు బిల్లు పెట్టాలి, ఆ సంఘం ఏం పని చేసిందో చెప్పాలి. పైనుంచి చూస్తే బోడి తంతులా కనిపిస్తుంది కానీ, ఉన్నట్టే ఉండి ఏళ్ల తరబడి సమావేశమే కాని కమిటీలను చూసిన మనకు దీని విలువ తెలుసు. దానికి తోడు 1972 నాటి సలహా సంఘాల చట్టం ఉంది. దాని ప్రకారం సమావేశం నోటీసు ముందుగా ప్రభుత్వ గెజిట్‌లో రావాలి, మామూలుగా 15 రోజుల ముందు. తలుపులు జనానికి తెరిచి ఉండాలి, మినిట్స్ రాయాలి, సంఘం చార్టర్‌ను రెండేళ్లకోసారి కొత్తగా దాఖలు చేయాలి.

ఇంత ఉన్నా ఆ సంఘం అన్నిటినీ ఆపలేదు. సలహా అడగాలన్నారే గానీ పాటించాలని లేదు. 2017 ఆగస్టులో వచ్చిన ఫరెవర్ జీఐ బిల్లు ప్రకారం ఇంటి అద్దె భత్యాన్ని కొత్త పద్ధతిలో లెక్కగట్టాలి. ఆ లెక్కలు వేసే కంప్యూటర్ వ్యవస్థ సిద్ధంగా లేక 2018 చివర్లో వేలాది మందికి నెలల తరబడి భత్యం ఆలస్యమైంది, కొందరికి తప్పు మొత్తం పడింది. చివరికి కొత్త లెక్క అమలునే వాయిదా వేశారు. 2016 సెప్టెంబరులో ఐటీటీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రైవేటు కాలేజీల సంస్థ ఒక్కసారిగా మూతపడినప్పుడు అక్కడ చదువుతున్న మాజీ సైనికులకు చదువు సాయం కింద ఉండే 36 నెలల హక్కులో కొన్ని నెలలు గాలికి పోయాయి. వాటిని తిరిగి ఇచ్చే నిబంధన 2017 చట్టంతో గానీ రాలేదు. సలహా సంఘం ముందే హెచ్చరించగలదు, చట్టం మార్చగలిగేది శాసనసభే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పోల్చేముందు ఒక తేడా చెప్పుకోవాలి, లేకపోతే పోలికంతా తప్పుదారి పడుతుంది. అమెరికాలో ఆ డబ్బు సైనికుడి సొంత చదువుకు. పిల్లలకో భార్యకో బదలాయించుకోవచ్చు గానీ దానికి విడిగా సర్వీసు షరతులున్నాయి. మన దగ్గర సాయంలో ఎక్కువ భాగం పిల్లలకూ వితంతువులకూ. మాజీ సైనికుడి సొంతానికి ఉన్నది ప్రధానంగా రక్షణశాఖ పునరావాస విభాగం (డీజీఆర్) ఇచ్చే శిక్షణ. జవాన్లకూ జేసీఓలకూ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకూ) ఆ కోర్సు ఫీజు ఉండదు, ఆఫీసర్లయితే కొంత వాటా కట్టుకోవాలి. ఇంకొకటి, పదిహేనేళ్ల సర్వీసు చేసిన మెట్రిక్యులేట్‌కు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సమానతా సర్టిఫికెట్. ఇది కేంద్ర గ్రూప్ సీ లాంటి ఉద్యోగాల అర్హత కోసం. దాన్ని పట్టుకుని ఎస్వీయూలో పీజీకి వెళ్తే అది డిగ్రీ కిందకు రాదు. బీఈడీకి కూడా అంతే. ఈ ఒక్క విషయం ముందే తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. డిగ్రీ కావాలంటే ఓపెన్ యూనివర్సిటీలో చేరి పరీక్షలు రాయాల్సిందే.

మన పర్యవేక్షణ మూడంచెలు. ఢిల్లీలో కేంద్రీయ సైనిక్ బోర్డు, రక్షణమంత్రి అధ్యక్షుడు. రాష్ట్రంలో రాజ్య సైనిక్ బోర్డు. జిల్లాలో జిల్లా సైనిక్ బోర్డు, కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి కార్యదర్శి, అధికారులూ అనధికారులూ సభ్యులు. ఇవేవీ పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టినవి కావు, ప్రభుత్వ ఉత్తర్వులతో నడిచేవి. అందుకే 3692 లాంటి సెక్షన్ చూపించి ‘మీరు మమ్మల్ని సంప్రదించాలి’ అనే వీలు మనకు లేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. పీఎం స్కాలర్‌షిప్ డబ్బు జాతీయ రక్షణ నిధి నుంచి వస్తుంది. అది 1962లో మొదలైన విరాళాల నిధి, దానికి బడ్జెట్ కేటాయింపు లేదు. హవల్దార్, అంతకంటే కింది ర్యాంకుల పిల్లలకు ఇచ్చే ఎడ్యుకేషన్ గ్రాంటు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి మీద నడుస్తుంది. ఏటా డిసెంబరు 7న బడి పిల్లలు డబ్బా పట్టుకుని తిరిగేది ఈ నిధి కోసమే. బడ్జెట్ పద్దు అయితే పార్లమెంటులో చర్చకు వస్తుంది, రక్షణ శాఖ స్టాండింగ్ కమిటీ వరుస వారీగా చూస్తుంది. ఈ నిధులకు ఆ దారి సన్నం. కాబట్టి చట్టం లేని ఈ బోర్డులే అన్నిటికంటే దగ్గరి కాపలా. వాటిని మనం వాడుకోకపోతే ఇంకెవరూ వాడరు.

బోర్డు ముందు పెట్టాల్సింది ఏమిటి? ‘మా పిల్లకు స్కాలర్‌షిప్ రాలేదు’ అన్నది బోర్డు విషయం కాదు. ఎందుకు రాలేదు, ఆ కారణం ఎంతమందికి తగులుతోంది అన్నది బోర్డు విషయం. కారణాలు తెలియాలంటే పథకం లోపలికి వెళ్లాలి.

పీఎం స్కాలర్‌షిప్ ఆడపిల్లకు నెలకు రూ.3,000, మగపిల్లాడికి రూ.2,500. ఏడాదికోసారి కలిపి వేస్తారు, అంటే రూ.36,000, రూ.30,000. నాలుగేళ్ల బీటెక్ మీద ఆడపిల్లకు రూ.1,44,000. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా 5,500 మందికి, సగం ఆడపిల్లలకు, సగం మగపిల్లలకు. వృత్తివిద్యా కోర్సు మొదటి సంవత్సరంలోనే అర్జీ పెట్టాలి. దూరవిద్యకు లేదు. అర్హత పరీక్షలో 60 శాతం కావాలి, ఇంటర్ వెయ్యి మార్కుల్లో 600. కానీ 600 వచ్చిందని ధీమా పడకండి, అది అర్జీ పెట్టుకునే హద్దు మాత్రమే. యుద్ధంలో ప్రాణాలు కోల్పోయినవారి, గాయపడినవారి పిల్లల వర్గాలు ముందుంటాయి. మామూలుగా రిటైరైన జవాన్ల పిల్లలు ఆఖరి వర్గం, మిగిలిన సీట్లకు మార్కుల వరుసలో పోటీ.

అర్జీ కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో. మూడు అనుబంధ పత్రాలు ఉంటాయి: మొదటిది మాజీ సైనికుడి ధ్రువీకరణ, సైనిక సంక్షేమ అధికారి సంతకంతో, రెండోది కాలేజీ బోనఫైడ్, మూడోది విద్యార్థి ఖాతా గురించి బ్యాంకు ఇచ్చేది. ఒరిజినల్స్ స్కాన్ చేసి పెట్టాలి, జెరాక్సుల స్కాన్ కాదు. ఆన్‌లైన్‌లో నొక్కేసి ఊరుకుంటే చాలదు, ఒరిజినల్స్‌తో సైనిక సంక్షేమ కార్యాలయంలో పరిశీలన అయితేనే ముందుకు కదులుతుంది.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే చిక్కు పేరు. సైన్యం రికార్డులో నాన్న పేరు ‘మునిరత్నం ఎం’ అని ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా విడదీసి, చివర కులం పేరు కూడా తగిలించి ఉంటుంది. ఆధార్‌లో మూడో రకం. ఢిల్లీలో కూర్చుని చూసేవాడికి ఈ ముగ్గురూ ఒక్కరేనని తెలియదు. పిల్లల పేర్లదీ ఇదే కథ: చంటిబిడ్డగా ఉన్నప్పుడు పార్ట్ టూ ఆర్డర్‌లో (సైన్యం కుటుంబ వివరాలు నమోదు చేసే ఉత్తర్వులో) ముద్దుపేరు రాయించి, బడిలో వేరే పేరు పెట్టడం. పుట్టిన తేదీ కూడా బడిలో చేర్చే వయసు కోసం ముందుకో వెనక్కో జరిపి ఉంటారు. డిశ్చార్జి అయ్యాక పుట్టిన బిడ్డయితే రికార్డులో అసలు ఉండకపోవచ్చు. దీనికి మందు ఒక్కటే, బిడ్డ టెన్త్ మెమో చేతికి రాగానే దాన్ని డిశ్చార్జి బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు) పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోవడం. తేడా ఉంటే అఫిడవిట్, జనన ధ్రువపత్రం జతచేసి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా సైన్యం రికార్డు ఆఫీసుకు పంపడం. నెలలు పడుతుంది. ఇంటర్ రెండేళ్లు దానికి చాలిన సమయం, స్కాలర్‌షిప్ గడువు ముందర పదిహేను రోజులు చాలవు.

రెండో చిక్కు రెన్యువల్. ఏటా 50 శాతం ఉండాలి. జేఎన్‌టీయూ, ఎస్వీయూ మెమోల మీద గ్రేడ్ పాయింట్లు ఉంటాయి, శాతం ఉండదు. యూనివర్సిటీ సూత్రం ప్రకారం శాతంలోకి మార్చి కాలేజీ ఇచ్చిన కాగితం జతచేయకపోతే పరిశీలనలో ఆగుతుంది. ఫలితాలు ఆలస్యమైన ఏడాది రెన్యువల్ మరిచిపోవడం ఇంకా తేలిక, ఆడపిల్లకు ఆ మరుపు ఖరీదు రూ.36,000.

మూడోది కౌన్సెలింగ్. మన ఈఏపీసెట్ చివరి విడత, స్పాట్ అడ్మిషన్లు ఆలస్యంగా ముగుస్తాయి. సీటు ఖాయం కానిదే బోనఫైడ్ రాదు. బోనఫైడ్ లేనిదే అర్జీ లేదు. ఇక ఇంజనీరింగ్‌లో సైనికుల పిల్లలకు ఉన్న రెండు శాతం క్యాప్ కోటా వేరే వ్యవహారం. అది రాష్ట్ర ఉన్నత విద్య పరిధి. అర్జీలో క్యాప్ అని గుర్తుపెట్టి, ప్రత్యేక కేటగిరీ పత్రాల పరిశీలనకు ఆ వర్గానికి చెప్పిన తేదీన విడిగా హాజరు కావాలి. మామూలు పరిశీలన అయిపోయింది కదా అని ఇంట్లో కూర్చుంటే కోటా లేనట్టే లెక్క.

ఎడ్యుకేషన్ గ్రాంటు సంగతి టూకీగా: ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకు ఇద్దరు పిల్లలకు. నెలకు రూ.1,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టే అర్జీలకు రూ.2,000 చేశారు. తరగతి పాసైన తర్వాత, ఆ మార్కుల పత్రంతో అడగాలి.

ఇప్పుడు ఈ చిక్కుల్లో ఏది ఎవరి గుమ్మం ముందు పెట్టాలో చూడండి. చాలా వినతిపత్రాలు చచ్చిపోయేది ఇక్కడే. బోనఫైడ్‌కూ గడువుకూ మధ్య పొంతన లేకపోవడం కేంద్రీయ సైనిక్ బోర్డు నిబంధన, జిల్లా బోర్డు సిఫారసు మాత్రం చేయగలదు. క్యాప్ పరిశీలన తేదీల ప్రచారం ఉన్నత విద్య అధికారులది. సైనిక సంక్షేమ కార్యాలయంలో సిబ్బంది చాలకపోవడం రాష్ట్రానిది, ఆ శాఖ హోంశాఖ కింద ఉంది. కాలేజీలు బోనఫైడ్ సరైన నమూనాలో ఇవ్వకపోవడం మాత్రం కలెక్టర్ ఒక ఉత్తరంతో సరిచేయగలిగిన పని. తిరుపతిలో ఉన్నన్ని కాలేజీలకు ఒక్క సర్క్యులర్ వెళ్తే ఆ ఏడాది సగం గొడవ పోతుంది. అందుకే మొదట దీన్నే అడగడం తెలివైన పని: బోర్డు చేతిలో ఉన్నది అడిగితే పని అవుతుంది, ఒక పని చేసి చూపిన బోర్డు రెండోసారి సమావేశమవుతుంది.

జిల్లాల సరిహద్దు చిక్కు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచి వచ్చాయి, తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు పాత చిత్తూరు నుంచి. పాత రిజిస్ట్రేషన్ ఏ కార్యాలయంలో ఉందో, వెబ్‌సైట్ ప్రొఫైల్‌లో ఏ కార్యాలయం పడిందో రెండూ ఒకటేనా కాదా చూసుకోండి. అర్జీ ఒక కార్యాలయం లాగిన్‌లో ఉండి, ఫైలు ఇంకో ఊళ్లో ఉంటే ఎవరూ పరిశీలించలేరు.

బోర్డుకు ఇచ్చే కాగితం ఒక పేజీ దాటకూడదు. మొదటి వాక్యంలో పథకం పేరు, చిక్కు. తర్వాత లెక్క: ఏ విద్యా సంవత్సరంలో, ఏ అనుబంధ పత్రం దగ్గర, ఎన్ని అర్జీలు ఆగాయి. పోర్టల్‌లో కనిపించే తిరస్కరణ కారణాన్ని ఉన్నది ఉన్నట్టు రాయండి, మీ మాటల్లో కాదు. వెనక జత: ఆ అర్జీల ప్రింట్లు, ఆధార్, ఖాతా నంబర్లు కప్పేసి. చివర్లో ఏం తీర్మానించాలని కోరుతున్నారో ఒక్క వాక్యం, కలెక్టర్ సంతకం పెట్టడానికి వీలుగా. ‘తగు చర్యలు తీసుకోగలరు’ అని ముగించే వినతికి తగు చర్య ఎప్పుడూ దొరకదు. సంఘం లెటర్‌హెడ్ ఉంటే మంచిదే, లేకపోయినా ఐదారు కుటుంబాల సంతకాలు చాలు.

ఒక ప్రతి సైనిక సంక్షేమ అధికారికి, వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చమని. ఇంకో ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఇచ్చి నమోదు సంఖ్య తీసుకోండి. ఈ రెండో ప్రతి అధికారి మీద ఫిర్యాదుగా కనిపించకుండా రాయాలి. ఆయన ఆ బోర్డుకు కార్యదర్శి, ఎజెండా రాసేది ఆయనే. ఆయన్ని ప్రతివాదిని చేసుకుంటే ముందుకు సాగేది ఏమీ ఉండదు.

సమావేశం జరిగిందా, ఏం అనుకున్నారు అన్నది తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. 2005 చట్టంలో సెక్షన్ 4(1)(బి)(8) చాలామంది చూడనిది. సలహా కోసం ఏర్పాటైన బోర్డులు, కమిటీల జాబితా, వాటి సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా అన్నది ప్రతి కార్యాలయమూ అడగకుండానే ప్రకటించాలి. అమెరికా 1972 చట్టంలో ఉన్నదానికి మన దగ్గర దగ్గరి చుట్టం ఇదే. ప్రకటించకపోతే రూ.10 రుసుముతో అర్జీ పెట్టండి. ఇలా అడగండి: గత మూడేళ్లలో జిల్లా సైనిక్ బోర్డు సమావేశాల తేదీలు, ప్రతి సమావేశం ఎజెండా, మినిట్స్ నకళ్లు, చదువు పథకాలకు సంబంధించి పై బోర్డులకు పంపిన సిఫారసులు, వాటికి వచ్చిన జవాబులు, పీఎం స్కాలర్‌షిప్ అర్జీలు ఏడాది వారీగా ఎన్ని వచ్చాయి, ఎన్ని ఏ కారణంతో తిప్పి పంపారు. ‘ఎందుకు’ అని అడగకండి, ఉన్న కాగితాన్నే అడగండి. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ‘సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని ఒక్క వరుసలో జవాబు వస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయ పై అధికారికి మొదటి అప్పీలు. ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్. ఢిల్లీ బోర్డు కాగితాలకైతే కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లోనే రూ.10 కట్టి అడగవచ్చు.

వచ్చిన మినిట్స్‌లో రెండు సమావేశాలను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదాంట్లో ‘కేంద్రీయ బోర్డుకు రాయడమైనది’ అని ఉండి, రెండోదాంట్లో ఆ ఉత్తరం నంబరు, తేదీ లేకపోతే రాయలేదనే అనుమానించాలి. అదే తర్వాతి ఎజెండా అంశం. నిబంధనే మారాల్సిన విషయమైతే ఈ కాగితాలన్నీ కట్టగట్టి మీ ఎంపీ కార్యాలయానికి ఇవ్వండి, ప్రశ్న ముసాయిదాతో సహా. పార్లమెంటు ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక కాకుండా తేదీలు ప్రకటించిన వారంలోనే ఇవ్వాలి. ప్రశ్నలో ఒక్క పథకం, ఒక్క నిబంధన, మూడేళ్ల రాష్ట్రాలవారీ లెక్క అడిగితే చాలు. రక్షణ శాఖ స్టాండింగ్ కమిటీ సభ్యుల్లో మన రాష్ట్రంవాళ్లు ఎవరైనా ఉంటే అదే కట్ట వాళ్లకూ పంపండి. ఆ కమిటీ సిఫారసు చేస్తే ప్రభుత్వం ఏం చేసిందో మూడు నెలల్లో జవాబివ్వాలి, ఆ జవాబు మళ్లీ అచ్చు నివేదికగా బయటికి వస్తుంది.